కలుపు పోగు దశలోనే తీయాలి

(రాబర్ట్‌సన్‌పేటలో జరిగిన సభ్యుల కుటుంబ సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా మేము ఇక్కడ నిలబడితే బోనసు గురించో, పి.ఎఫ్. గురించో, ఈఎస్ఐ డిస్పెన్సరీలో మందులు లేకపోవడం గురించో మాట్లాడతాం. ఈరోజు కలుపు గురించి మాట్లాడతామని నోటీసులో చూసి కొందరు నవ్వారట. "సెక్రటరీకి పని లేక గడ్డి పీకుతున్నాడు" అని ఒక మిత్రుడు టీ కొట్టు దగ్గర అన్నాడని తెలిసింది. ఆయన అన్నది నిజమే. ఈ వానాకాలమంతా గడ్డి పీకాం. పీకి నేర్చుకున్నది మీ ముందు పెడతాం. అంతా విన్న తరువాత కూడా నవ్వు వస్తే నవ్వండి, మాకేమీ కోపం లేదు.

పెరళ్ళు ఎందుకు మొదలుపెట్టాం

మన కోలారు జిల్లా టమాటాకు పేరు పొందింది. కోలారు మార్కెట్టు యార్డు నుంచి లారీలు ఉత్తరాది దాకా పోతాయి. అయినా 2023 జూలైలో అదే యార్డులో 15 కిలోల పెట్టె ధర 2,000 రూపాయలు దాటినప్పుడు, దానికి గంట దూరంలో ఉన్న మన ఇళ్ళలో చింతపండు పులుసే దిక్కయింది. ధర పడిపోయిన నెలల్లో అవే టమాటాలను రోడ్డు పక్కన పారబోయడం కూడా చూశాం. అప్పుడు రైతుకు నష్టం. ఇప్పుడు కొనుక్కునే కార్మికుడికి నష్టం. మధ్యలో లాభం ఎవరిదో మీకు తెలుసు.

ఈ ఊరి సంగతి మీకు చెప్పనక్కర లేదు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. నూట ఇరవై ఏళ్ళ పాటు బంగారం తీసిన గనులు ఆగిపోయాయి. తండ్రి గనిలోకి దిగితే, ఆయన కొడుకూ కూతురూ ఈరోజు తెల్లవారక ముందే రైలెక్కి బెంగుళూరు వైపు మిల్లులకు, గార్మెంటు ఫ్యాక్టరీలకు పోతున్నారు. పోను రాను నాలుగైదు గంటలు రైల్లోనే గడుస్తాయి. ఓవర్‌టైం ఉన్న నెల ఇల్లు గడుస్తుంది, లేని నెల అప్పు.

మేమూ ముళబాగిలు వైపు పల్లె నుంచి వచ్చి, పద్దెనిమిదో ఏట ఒక స్పిన్నింగు మిల్లులో డాఫరుగా చేరి, తరువాత సైడరు అయినవాళ్ళమే. ఆ మిల్లు మూసేసినప్పుడు ఏడాదికి పైగా బకాయిలు చేతికి రాలేదు. కేసు నడిచింది, ధర్నాలు చేశాం, చివరికి కొంత సాధించాం. కానీ ఆ ఏడాది మా ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూసింది మాత్రం పెరట్లోని గోంగూర, చిక్కుడు పాదు, నాలుగు వంగ మొక్కలు. యూనియన్ మనిషిగా ఈ మాట ఒప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు.

అందుకే పోయిన జూన్‌లో మన కమిటీ ఒక తీర్మానం చేసింది. పెరడు ఉన్న ప్రతి సభ్యుడి ఇంట్లో కూరగాయలు వేయించాలని. టమాటా, మిరప, వంగ నారు, బెండ, చిక్కుడు విత్తనాలు పంచాం. ఫోటోలు కూడా దిగాం.

వినాయక చవితికి ఏం చూశాం

వినాయక చవితి ముందు ఇల్లిల్లూ తిరిగి చూశాం. సగానికి పైగా పెరళ్ళలో కూరగాయ మొక్క కనబడలేదు, గడ్డే కనబడింది. ఒక ఇంట్లో మిరప నారు చూపించమంటే ఇంటాయన వెతికి వెతికి తుంగ మధ్యలో నుంచి పాలిపోయిన రెండు రెబ్బలను ఎత్తి చూపించాడు. పూజకు గరిక కావాలంటే మాత్రం ఎవరూ బయటికి పోనక్కర లేకుండా ఉంది.

ఎందుకిలా అయిందని అడిగాం. మగవాళ్ళు "టైం లేదు" అన్నారు. "ఈసారి వానలు ఎక్కువ" అన్నారు. ఒక ఇంట్లో గార్మెంటు ఫ్యాక్టరీలో పనిచేసే చెల్లెలు వేరే జవాబు చెప్పింది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాం:

"అన్నా, రైల్లో సీటు దొరకదు, నిలబడే పోతాను. ఫ్యాక్టరీలో తలెత్తకుండా మిషను ముందు కూర్చుంటాను. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడతాను. నాకుండేది ఒక్క ఆదివారం. ఆ రోజు తొలిక పట్టుకుని పొద్దుగూకేదాకా వంగితే సోమవారం రైలెక్కడానికి నడుము లేవదు. విత్తనాలు మీరు పంచారు. వంగే పని ఎవరికి పంచారు?"

మా దగ్గర జవాబు లేదు. పని విభజన గురించి మేనేజుమెంటుతో ఎన్నిసార్లో వాదించిన వాళ్ళం, ఒక్క విత్తనం పొట్లంతో ప్రతి ఇంట్లో ఇంకో షిఫ్టు పెట్టేశామని, అది కూడా జీతం లేని షిఫ్టు అని, అప్పుడు అర్థమైంది. తోట వేయడం అంటే విత్తనం వేయడం కాదు. కలుపు తీయడమే తోట. ఆ పని ఎవరి నడుము మీద పడుతోందో చూడకుండా తీర్మానం చేయడం మా పొరపాటు.

అప్పటి నుంచి పెద్ద రైతులను, పల్లెల్లో కూలికి కలుపు తీసే అక్కలను అడిగాం, మా పెరట్లో చేసి చూశాం. తేలింది మూడు మాటలు. కలుపును చిన్నప్పుడే తీయాలి. నిలబడి తీయాలి. అందరూ తీయాలి. ఈ మూడూ ఉంటే అది పదిహేను నిమిషాల పని. ఒక్కటి లేకపోయినా ఆదివారం మొత్తాన్ని మింగే పని.

పోగు తెగిన వెంటనే అతకాలి

రింగు ఫ్రేము మీద పనిచేసిన వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పోగు తెగిన వెంటనే అతికితే క్షణం పని. చూడకుండా వదిలేస్తే ఆ దూది రోలరుకు చుట్టుకుంటుంది, పక్క పోగును కూడా లాక్కుంటుంది. తరువాత కొక్కెంతో లాగాలి, కత్తితో కోయాలి. అందుకే మంచి సైడరు ఒకచోట నిలబడడు, తన సైడ్ల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. పెరడుకూ అదే పద్ధతి.

విత్తనం మొలిచిన వారం పది రోజుల దాకా కలుపు మొక్కకు రెండు మూడు ఆకులే ఉంటాయి. మట్టి కదిపి చూస్తే దాని వేరు తెల్లగా నూలు పోగులాగా ఉంటుంది. దీన్నే మేము పోగు దశ అంటున్నాం. ఆ దశలో పదునైన బ్లేడుతో పైమట్టిని అర అంగుళం లోతున గీకితే చాలు. వేరు తెగి, మధ్యాహ్నం ఎండకు మాడిపోతుంది. వంగి పీకే పని లేదు, ఎత్తి పారేసే పని లేదు. అదే మూడు వారాలు వదిలేస్తే వేరు పాతుకుంటుంది, పీకితే పక్కనున్న టమాటా వేరును కూడా కదిలిస్తుంది. పూత పట్టి విత్తనం రాలిందా, అది ఏళ్ళ తరబడి తీర్చవలసిన బాకీ. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు అన్నది పిల్లల గురించి, కానీ కలుపుకు కూడా సరిపోతుంది.

కూరగాయ మొక్కకు కలుపు వల్ల ఎక్కువ దెబ్బ తగిలేది మొదటి దశలోనే. టమాటా, వంగ, మిరప నారు నాటిన తరువాత మొదటి నెలన్నర కాపాడితే మొక్క గుబురుగా పెరిగి తన నీడతోనే కలుపును అణిచేస్తుంది. చిక్కుడు ఇంకా త్వరగా నేలను కమ్ముకుంటుంది. ఉల్లి మాత్రం అలా కాదు. దాని ఆకు గొట్టంలాగా నిలువుగా పోతుంది గనుక నీడ పడదు. ఉల్లి వేసినవాళ్ళు గడ్డ ఊరేదాకా కాపలా కాయాలి.

నీళ్ళ సంగతి కూడా ఆలోచించండి. మన జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయిన ఊళ్ళు ఎన్నో. పెరట్లో మనం పోసేది బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు. కలుపు ఉంటే ఆ నీళ్ళలో సగం వాటా దానికే. పైగా మన ఎర్రనేల వాన పడి ఆరితే పైన పెంకు కడుతుంది. గీకినప్పుడు ఆ పెంకు పగిలి, తరువాతి వాన లోపలికి ఇంకుతుంది. ఒక పనిలో రెండు లాభాలు.

ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న మా పెరడుకు పోగు దశలో ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టుకుని చూశాం. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పదిహేను నిమిషాలు. నైట్ షిఫ్టు వల్ల ఒకసారి మూడు వారాలు వదిలేశాం. దాన్ని బాగుచేయడానికి ఇద్దరు మనుషులకు ఒక పూట పట్టింది, ఆ గొడవలో కొన్ని మిరప మొక్కలూ పోయాయి.

ఇంకొక ఉపాయం ఉంది. నారు నాటడానికి ముందే మడి సిద్ధం చేసి, ఒకసారి నీళ్ళు పోసి, వారం పది రోజులు ఊరికే వదిలేయండి. పైపొరలో దాగి ఉన్న కలుపు విత్తనాలు మొలుస్తాయి. వాటిని పైపైన గీకేసి అప్పుడు నాటండి. గీకిన తరువాత మళ్ళీ లోతుగా తవ్వకూడదు, తవ్వితే అడుగున నిద్రపోతున్న విత్తనాలు పైకి వస్తాయి.

అది వయసు కాదు, పిడి పొడవు

ఇక నడుము సంగతి. మన పల్లెల్లో కలుపు తీసేది తొలికతో. కొన్నిచోట్ల బొరిగె అంటారు. దాని పిడి మూర పొడవు కూడా ఉండదు. మా అమ్మ ముళబాగిలు దగ్గర పొలాల్లో కూలికి కలుపు తీసింది. పొద్దున వంగితే మధ్యాహ్నం సంగటి ముద్ద తినేటప్పుడే లేచేది. అరవై ఏళ్ళకు నిటారుగా నడవలేకపోయింది. అందరూ వయసు అన్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

ఈ బాధ మన ఊళ్ళోనే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆకుకూరల తోటల్లో, చక్కెర దుంప తోటల్లో కూలీలచేత, ముఖ్యంగా మెక్సికో మూలాలున్న కూలీలచేత, పొట్టి పిడి పారతో కలుపు తీయించేవారు. స్పానిష్ భాషలో దాన్ని 'ఎల్ కోర్తీతో' అన్నారు, అంటే పొట్టిది అని అర్థం. పొడుగు పిడి ఇస్తే మొక్కలు దెబ్బతింటాయని యజమానులు వాదించారు. పొట్టి పిడి అయితే ఎవరు వంగి పనిచేస్తున్నారో, ఎవరు నడుము ఎత్తారో మేస్త్రీకి దూరం నుంచే కనబడుతుంది, అసలు కారణం అదని కూలీలు చెప్పారు. కూలీలు, వాళ్ళ తరఫు న్యాయవాదులు డాక్టర్ల సాక్ష్యాలు పెట్టి పోరాడారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది, పొట్టి పిడి పారను నిషేధించారు. తోటలేమీ మునిగిపోలేదు, పొడుగు పిడితో కూడా పంట పండింది. 2004లో వంగి చేత్తో కలుపు పీకే పనికి కూడా అక్కడ హద్దులు పెట్టారు.

ఇది తెలిసిన రోజు మా అమ్మ గుర్తుకొచ్చింది. ఆమె నడుము వంగింది ఒక్క వయసు వల్లనే కాదు. మూరెడు పిడి వల్ల కూడా. మూడడుగుల వెదురు కర్ర ఖరీదు ఎంత? మన పొలాల్లో దాన్ని అడిగినవాళ్ళు లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు.

నాలుగు పనిముట్లు

పెరడుకు పెద్ద సామాను అక్కర లేదు. నాలుగు చాలు.

మొదటిది, పొడుగు పిడి గీకుడు పార. బ్లేడు జానెడు వెడల్పు ఉంటే చాలు, పలచగా ఉండాలి. లారీ కమాను పట్టీ ముక్కతో కమ్మరి చేసి ఇస్తాడు. వెదురు పిడి నిలబెడితే మనిషి గడ్డం దాకా రావాలి. ఇంట్లో ఇద్దరు వాడితే పొడుగు మనిషి కొలత తీసుకోండి. దీనితో కొట్టకూడదు, పొడవకూడదు. నిటారుగా నిలబడి బ్లేడును నేలకు దాదాపు సమంగా ఆనించి, చీపురుతో ఊడ్చినట్టు మన వైపుకు లాగాలి.

రెండోది, సైకిలు గుంటక. పాత సైకిలు ముందు చక్రం, దాని వెనుక బ్లేడు, తోయడానికి హ్యాండిలు. సాళ్ళ మధ్య అడుగు పైన ఎడం ఉంటే దీనితో నడుచుకుంటూ పోవచ్చు. ఇది ఒక ఇంటికి అవసరం లేదు, పది ఇళ్ళకు ఒకటి ఉంటే సరిపోతుంది.

మూడోది, నాలుగు పళ్ళ ఫోర్కు. ఇది తుంగకూ గరికకూ. ఎందుకో ఇప్పుడే చెబుతాం.

నాలుగోది, మన తొలికే. మొక్క మొదలు చుట్టూ ఉన్న కలుపుకు అది కావాలి. కానీ వంగి కాదు, పీట వేసుకుని కూర్చుని, పది నిమిషాలకు మించకుండా.

ఏ పనిముట్టు అయినా పదును ముఖ్యం. మొద్దు బ్లేడు కలుపును కోయదు, పక్కకు వంచుతుంది, కష్టం మాత్రం రెట్టింపు. పనికి దిగే ముందు ప్రతిసారీ ఆకురాయితో ఒకవైపు పది సార్లు రుద్దండి. జాబర్లకు ఆకురాయి పట్టడం మేము నేర్పనక్కర లేదు. పని అయ్యాక మట్టి తుడిచి, నూనె గుడ్డతో రుద్ది, పిల్లలకు అందని ఎత్తులో తగిలించండి. కాలికో చేతికో తెగితే పసుపు అద్దుకుని ఊరుకోకుండా కడుక్కుని టి.టి. ఇంజెక్షన్ వేయించుకోండి.

గీకడం ఎండ వచ్చే రోజు ఉదయం పెట్టుకోండి. ముసురు పట్టిన రోజు గీకితే సగం కలుపు మళ్ళీ వేరూనుతుంది. చేత్తో పీకవలసినది ఉంటే వాన వెలిసిన మరునాడు పీకండి, వేరుతో సహా వస్తుంది.

ఏ కలుపుకు ఏ మందు

అన్ని కలుపులూ ఒకటి కావు. శత్రువును గుర్తుపట్టకుండా పోరాటం చేయలేం.

తుంగ: దీని బలం పైన లేదు, మట్టిలో గొలుసులాగా ఉండే గడ్డల్లో ఉంది. పైన కోస్తే గడ్డ మళ్ళీ మొలకెత్తుతుంది. పారతో ముక్కలు చేస్తే ఒక్కటి పదవుతుంది. కాబట్టి ఫోర్కుతో జానెడు లోతున లేపి, మట్టి దులిపి, గడ్డలు ఏరి ఎండబెట్టాలి. ఎండాకాలంలో మడి ఖాళీగా ఉన్నప్పుడు చేస్తే ఎండే సగం పని చేస్తుంది. పంట ఉన్నప్పుడు తవ్వలేం గనుక మొలిచినప్పుడల్లా, వారం పది రోజులకొకసారి, విడవకుండా కోస్తూ పోవాలి. ఆకు లేకపోతే గడ్డకు తిండి అందదు, క్రమంగా బలహీనపడుతుంది. ఒక్క రోజులో గెలిచే సమ్మె కాదిది.

గరిక: ఇది నేలమీద పాకుతుంది, నేల లోపల కూడా పాకుతుంది. కణుపు మిగిలితే మొక్క మిగిలినట్టే. దీన్నీ ఫోర్కుతోనే పొడవుగా లాగి తీయాలి. తీసినదాన్ని బండమీద వేసి బాగా ఎండనివ్వండి.

గంగపాయల: కోసి తడి నేలమీద వదిలేస్తే కాడ నుంచి మళ్ళీ వేరు వేస్తుంది. కనుక ఏరి బయట వేయాలి. బయటెందుకు, పప్పులో వేయండి. గంగపాయల, చెంచలి, దొగ్గలి ఇవన్నీ మన పెద్దలు తిన్న ఆకులే. కోలారు వైపు కన్నడం వాళ్ళు ఇలాంటివి కలిపి బెరకె సొప్పు అని వండుకుంటారు. బాగా గుర్తుపట్టగలిగిన ఆకునే, శుభ్రమైన నేలలో మొలిచినదాన్నే తినండి.

వయ్యారిభామ: మనం కాంగ్రెస్ గిడ అంటాం. ఇది మన దేశపు మొక్క కాదు. 1950లలో పూణే దగ్గర కనబడింది, తరువాత దేశమంతా పాకింది. దీన్ని తినే పురుగును 1983లో బెంగుళూరులోని ఉద్యానవన పరిశోధనా సంస్థ వాళ్ళు మెక్సికో నుంచి తెప్పించి, మరుసటి ఏడాది వదిలారు. పురుగు వానాకాలంలో కొంత తింటుంది గానీ మన పని మనకు తప్పదు. పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో పీకాలి. ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. పూసిన మొక్కను ఎరువు గుంతలో వేయవద్దు.

ఈ మొక్క గురించి మిల్లు కార్మికులకు ప్రత్యేకంగా ఒక మాట. దీని పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం, ఒంటిమీద దురద వస్తాయి. మనలో బ్లో రూములో, కార్డింగులో ఏళ్ళ తరబడి దూది దుమ్ము పీల్చినవాళ్ళు ఉన్నారు. సెలవు తరువాత పనికి పోయిన మొదటి రోజు ఛాతీ బిగబట్టినట్టు ఉంటుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. దాన్ని బిసినోసిస్ అంటారు. పరిహారం ఇవ్వవలసిన వృత్తి వ్యాధుల పట్టికలో అది ఉంది. అలాంటి ఊపిరితిత్తులున్నవాళ్ళు కాంగ్రెస్ గిడ జోలికి పోవద్దు. ఇంట్లో వేరేవాళ్ళు చేతులకు తొడుగు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకాలి. ఆ ఆయాసం ఉన్నవాళ్ళు సమావేశం అయ్యాక మమ్మల్ని కలవండి, ఈఎస్ఐ కాగితాల సంగతి విడిగా మాట్లాడదాం.

చేయకూడనివి

మందు కొడితే పోలేదా అని కొందరు అడిగారు. పెరడు అంటే పిల్లలు ఆడుకునే చోటు, కోళ్ళు తిరిగే చోటు. 2,4-డి అనే మందు గాలికి కొంచెం తగిలినా టమాటా ఆకు ముడుచుకుపోతుంది. పారాక్వాట్ అనే గడ్డిమందు నోట్లోకి పోతే విరుగుడు లేదు, ఒక్క గుక్క చాలు ప్రాణం పోవడానికి. గ్లైఫోసేట్‌ను ఎవరుపడితే వాళ్ళు కొట్టకూడదని, లైసెన్సు ఉన్న ఆపరేటర్లే వాడాలని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కూల్‌డ్రింకు సీసాలో పోసి తెచ్చుకున్న మందు ఇంట్లో ఉంచవద్దు. పదిహేను నిమిషాల పని కోసం ఇంట్లో విషం పెట్టుకోవద్దు.

ఈ ఊరివాళ్ళకు ఇంకొక మాట. సయనైడ్ దిబ్బల మట్టి తెచ్చి మడిలో కలపకండి. చూడడానికి మెత్తగా ఇసుకలాగా ఉంటుంది, కలుపు కూడా మొలవదు. మొలవకపోవడమే దాని గుణం చెబుతోంది. బంగారం తీసిన తరువాత మిగిలిన ఆ పిండి మూడు కోట్ల టన్నులకు పైగా మన చుట్టూ పడి ఉంది, గాలి రోజుల్లో ఇళ్ళమీదికి వస్తుంది. దిబ్బ పక్కనే ఇల్లున్నవాళ్ళు తినే ఆకుకూరలు నేలలో వేయకుండా, బయటి నుంచి మంచి మట్టి తెచ్చి కుండీల్లో వేసుకోండి, కడుక్కుని వండుకోండి.

కలుపు గీకిన తరువాత మొక్కల మధ్య ఎండుటాకు మూడంగుళాల మందాన పరిస్తే కొత్త కలుపు తగ్గుతుంది. రాగి గడ్డి పశువుల మేత, దాన్ని పాడుచేయవద్దు. శ్రీనివాసపురం వైపు చుట్టాలున్నవాళ్ళకు మామిడి ఆకు కొదవ లేదు. మొక్క కాండానికి ఆనకుండా పరచండి. మిల్లు వేస్టు దూది పరచవచ్చా అని ఒకాయన అడిగాడు. రంగు, నూనె, రసాయనం అంటినదాన్ని తినే మొక్క దగ్గర వేయవద్దు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళతో మాకు కొత్త పంచాయితీ కూడా తెచ్చిపెట్టవద్దు.

కూలికి పిలిచినప్పుడు

పెరడు బాగా చెడిపోయినవాళ్ళు ఒకసారి కూలి మనిషిని పిలిచి బాగుచేయించుకుంటున్నారు. అందులో తప్పు లేదు. కానీ తవ్వే మగమనిషికి ఒక కూలి, కలుపు తీసే ఆడమనిషికి తక్కువ కూలి ఇస్తున్నారని తెలిసింది. కలుపు తీత తేలిక పని అట. తేలిక పని అయితే మనమెందుకు చేసుకోలేకపోయాం? సమాన వేతన చట్టం 1976లో వచ్చింది, 2019 వేతనాల కోడ్‌లో కూడా ఆ సూత్రం ఉంది. మిల్లు గేటు దగ్గర మనం అడిగే న్యాయం మన పెరటి గేటు దగ్గర ఇవ్వకపోతే మన నినాదానికి విలువ ఉండదు. వచ్చిన అక్కకు పొడుగు పిడి పార ఇవ్వండి, సమాన కూలి ఇవ్వండి, ఎండ ముదిరితే నీడన కూర్చోమనండి.

తీర్మానం

కమిటీ తరఫున మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. చర్చించి చెప్పండి.

ఒకటి. పది ఇళ్ళకు ఒక సెట్టు చొప్పున పనిముట్లు యూనియన్ నిధి నుంచి చేయిద్దాం. రెండు పొడుగు పిడి పారలు, ఒక ఫోర్కు, ఒక సైకిలు గుంటక, ఒక ఆకురాయి. పుస్తకంలో రాసి ఇవ్వాలి, రాసి తీసుకోవాలి.

రెండు. ప్రతి ఇంట్లో వంతుల పట్టిక ఉండాలి. ఎవరి షిఫ్టు ముందు అయితే వాళ్ళు ఆరోజు పదిహేను నిమిషాలు గీకాలి. మగవాళ్ళ వంతు ఆడవాళ్ళ వంతు కంటే తక్కువ కాకూడదు. నైట్ షిఫ్టు వారంలో పక్కింటివాళ్ళు చూడాలి, తరువాత వాళ్ళ వంతు మనం చూడాలి.

మూడు. సంక్రాంతికి కమిటీ మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతుంది. అనపకాయల కాలం గనుక ఎవరింట్లో పులుసు బాగుందో కూడా చూస్తుంది.

చివరగా ఒక మాట. మొన్న ఆదివారం ఆ చెల్లెలి ఇంటికి మళ్ళీ పోయాం. కమ్మరి చేసిన మొదటి పార వాళ్ళకే ఇచ్చాం. పార ఆమె చేతిలో లేదు, ఆమె భర్త చేతిలో ఉంది. ఆమె గడప దగ్గర కూర్చుని టీ తాగుతోంది. ఎలా ఉందమ్మా అని అడిగాం. "పార బాగుందన్నా. ఈయనకే గీకడం రాదు, లోతుగా పొడుస్తాడు" అంది. ఆయన తలొంచుకుని నవ్వాడు. అక్కడే కాసేపు నిలబడి బ్లేడు ఎలా వాల్చాలో చూపించి వచ్చాం.

పొడుగు పిడి పట్టడం నేర్చుకోవాలనుకునే మగవాళ్ళు వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు మా పెరటికి రండి. పనిముట్ల సెట్టు కావలసినవాళ్ళు పది ఇళ్ళ పేర్లు రాసి కోశాధికారికి ఇవ్వండి.